రుచి తెలియని రోజుల్లో వంట పరీక్ష

మన తెలుగువాళ్ళ ఇళ్ళకు పిలిస్తే వెళ్తాను. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ చేతిలో ప్లేటు పెట్టగానే అడిగే ప్రశ్న ఒక్కటే. "ఆంటీ, మీరు ఇక్కడి బళ్ళో పనిచేశారట కదా, మా వాడికి గిమ్నాజియుంలో సీటు వస్తుందంటారా?" గిమ్నాజియుం అంటే యూనివర్సిటీకి దారితీసే పెద్ద చదువుల బడి. వాడు అప్పటికి రెండో తరగతిలో ఉంటాడు. సోఫా కింద దూరి కారుబొమ్మ వెతుక్కుంటూ ఉంటాడు.

నేను బళ్ళో పనిచేసిన మాట నిజమే. పాఠాలు చెప్పలేదు, వంట చేశాను. డార్మ్‌స్టాట్ పక్కన ట్రామ్ ఆగిపోయే చివరి ఊళ్ళో, ప్రభుత్వ బడి వంటశాలలో జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరి, తెల్లబడ్డాక బయటికొచ్చాను. మీ వాడికి సీటు వస్తుందో రాదో నాకు తెలియదు. ఆ బళ్ళో పిల్లలు ఎలా గట్టెక్కుతారో మాత్రం వడ్డించే కిటికీలోంచి చూశాను. ఒక పిల్ల గట్టెక్కడంలో నా చెయ్యి కూడా ఉంది. అది చెప్తాను. ముసల్ది గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి. చెప్పుకోదగ్గవి బతుకులో ఒకటో రెండో ఉంటాయి, వాటిని కూడా దాచుకోవాలా?

ముందు నా సంగతి రెండు ముక్కలు. మాది విశాఖ దగ్గర సముద్రం ఒడ్డు. మా ఆయన ఓడల్లో పనిచేస్తూ హాంబర్గ్‌లో దిగాడు. ఆ వానకూ గాలికీ విసిగి, ఫ్యాక్టరీ పని దొరికిందని ఇటు వచ్చి స్థిరపడ్డాడు. నన్ను తెచ్చుకునేనాటికి నాకు ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. డబ్బాల మీద రాసింది చదవలేనివాళ్ళకు వంటశాలలో పని ఉండదన్నారు కాబట్టి, నలభై దాటాక సాయంత్రం బడికి వెళ్ళి జర్మన్ అక్షరాలు దిద్దాను. తెలుగు అక్షరాలు ఇంకా తరువాత. మనవాళ్ళు పిల్లల కోసం ఆదివారాలు నడిపే తరగతిలో వెనక కుర్చీలో కూర్చునేదాన్ని. పక్క కుర్చీలో పళ్ళూడిన పిల్ల ఒకతె నా కాగితం వైపు చూసి, "నీ 'క్ష' వంకరగా ఉంది" అనేది. ఉంటే ఉంది. రాతలో వంకర ఉన్నా సర్దుకోండి. మాటలో సర్దుబాట్లు నాకు చేతకావు.

ఇక్కడి చదువు సంగతి మనవాళ్ళలో సగం మందికి అర్థం కాదు. అర్థమైన సగం మందికి నచ్చదు. మా బడిలో దిగే స్టాపులు మూడు. తొమ్మిదో తరగతి చివర ఒకటి, పదో తరగతి చివర ఒకటి, పదమూడు చివర ఒకటి. తొమ్మిది దగ్గర ఇచ్చేది హాప్ట్‌షూలే సర్టిఫికెట్. అది చేతిలో ఉంటే ఏదైనా పని నేర్చుకోవడానికి వెళ్ళొచ్చు. మార్కులు బాగుంటే పదిలోకి ఎక్కొచ్చు, అక్కణ్ణించి ఇంకా పైకి పోవచ్చు. ఏ స్టాపులో దిగినా మళ్ళీ ఎక్కే దారి ఉంటుంది. మనవాళ్ళ కంటికి ఆఖరి స్టాపు తప్ప ఇంకేదీ ఆనదు. ముందు స్టాపులో పిల్ల దిగితే, బండిలోంచి పడిపోయిందని ఏడుస్తారు.

ఆ తొమ్మిదో తరగతి సర్టిఫికెట్‌కు రాత పరీక్షలు కాక, ప్రాజెక్టు పరీక్ష అని ఇంకొకటుంది. కొందరు పిల్లలు కలిసి ఒక పని ఎంచుకోవాలి. బెంచీ చేస్తారో, సైకిలు బాగుచేస్తారో, వంట వండుతారో వాళ్ళ ఇష్టం. ముందు ప్లాను రాయాలి. పరీక్ష పెట్టేవాళ్ళ ముందు పని చేసి చూపాలి. ఇలా ఎందుకు చేశావని అడిగితే జవాబు చెప్పాలి. మార్కు మాత్రం ఎవరిది వాళ్ళకే. చేతిపనికి కూడా చదువులో మార్కు వేస్తారని తెలిసిన రోజున నాకు ఈ దేశం మీద మొదటిసారి గౌరవం కలిగింది. అంతకుముందు చలి తప్ప ఏమీ కనిపించలేదు.

మా వంటశాలకు పెద్ద ఒకాయన ఉండేవాడు. ఇక్కడివాడే. పీపాలాంటి మనిషి. బంగాళాదుంపల మీద తప్ప దేని మీదా ప్రేమ లేదు. సిగరెట్లకు నాలుక ఎప్పుడో కాలిపోయింది. ఆయనకూ నాకూ ఏళ్ళ తరబడి ఒకటే తగాదా. ఆయన బల్ల మీద గ్లాసు నిండా చెంచాలుండేవి. ఒక్కో చెంచాతో ఒక్కసారి రుచి చూసి, దాన్ని కడగడానికి పడేసి, నా వైపు తిరిగేవాడు.

"రుచి చూశావా?"

"చూడను."

"వంటమనిషివి, రుచి చూడవా?"

"వడ్డించకముందే తింటే అది వంట కాదు, ఎంగిలి."

ఎంగిలి అన్న మాటకు జర్మన్‌లో మాట లేదు. ఆయనకు వివరించబోయి చాలాసార్లు ఓడిపోయాను. మా అమ్మ పెళ్ళిళ్ళకు వంట చేసేది. ఊరంతటికీ వండినా వడ్డన అయ్యేదాకా నాలుక మీద ఒక్క చుక్క వేసుకునేది కాదు. వాసన, రంగు, చప్పుడు, గరిటె బరువు, ఇవే ఆమెకు నాలుకలు. ఉప్పు ఆమె చేతికి తెలుసు. ఆ చెయ్యి నాకు వచ్చిందని నా గర్వం. పెద్దాయన చివరకు నా పప్పులో తన చెంచా ముంచి, చప్పరించి, "ఇంకొంచెం ఉప్పు పడుతుంది" అనేవాడు. సిగరెట్టు నాలుక మాట ఎవరు వింటారు? నేను వేయను. అంతటితో ఆ రోజు యుద్ధం ముగిసేది.

అలాంటి రోజుల్లో కరోనా వచ్చింది. బడి మూశారు, తెరిచారు, మళ్ళీ మూశారు. తరువాత సగం పిల్లలు ఒక వారం, మిగతా సగం ఇంకో వారం రావాలన్నారు. వారానికి రెండుసార్లు పిల్లలే ముక్కులో పుల్ల పెట్టుకుని పరీక్ష చేసుకునేవాళ్ళు. మాస్కు తీస్తే తప్పు, దగ్గరగా నిలబడితే తప్పు, కిటికీ మూస్తే తప్పు. భోజనాలు ఆగిపోయాయి. పెద్దాయనా నేనూ ఖాళీ కుర్చీలకు కాపలా కాసేవాళ్ళం. వంట నేర్పే తరగతి గది చిన్నది, అందులో దూరం పాటించడం కుదరదని తొమ్మిదో తరగతి వంట ప్రాజెక్టులన్నీ మా పెద్ద వంటశాలకు మార్చారు. యంత్రాల దగ్గర మా మనిషి ఒకరు ఉండాలన్నారు. ఆ ఒకరు నేను.

ఆ పిల్ల అలా నా కంటపడింది.

కంటపడడమేమిటి, అంతకుముందే తెలుసు. తెలుగుపిల్ల. తండ్రి సాఫ్ట్‌వేర్, బ్లూ కార్డు వీసా మీద వచ్చాడు. వచ్చేనాటికి పిల్లకు పన్నెండో ఏడు. భాష రాకుండా బళ్ళో పడింది. భాష పట్టుబడే వేళకు బడి మూతపడింది. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఏం విన్నదో ఏం విడిచిందో. లెక్కల్లో ఐదు, జర్మన్‌లో ఐదుకు దగ్గర. ఇక్కడ మార్కులు తలకిందులు: ఒకటి అంటే ఫస్టు, ఆరంటే సున్నా. ప్రాజెక్టులో గట్టి మార్కు వస్తే పిల్ల గట్టెక్కి పదిలోకి వెళ్తుంది. రాకపోతే ఇంతే సంగతులు. నేను తెలుగులో పలకరిస్తే జర్మన్‌లో జవాబు చెప్పేది. బడిపిల్లలందరూ నన్ను ఓమా అనేవాళ్ళు, అంటే అవ్వ. తనూ అదే అనేది.

తండ్రిని ఇండియన్ షాపు ముందు క్యూలో కలిశాను. ఒకరు బయటికొస్తే ఒకరు లోపలికి పోవాలి. చెరో బండీ పట్టుకుని, మాస్కులు పెట్టుకుని వానలో నిలబడ్డాం.

"నమస్తేనమ్మా. మా బిడ్డ మీ స్కూల్లనే గదా. ఆ వంటల పరీక్షేందమ్మా? పరీక్షనా, సర్కసా?"

"పరీక్షే బాబూ. లెక్కల పరీక్షెంతో అదీ అంతే."

"మా ఇంట్ల అందరం ఇంజినీర్లం. మా అక్క బిడ్డలిద్దరు ఐఐటీ. వాళ్ళకు నేనేం చెప్పాలె? నా బిడ్డ పప్పుచారు కాసి పాసైందని చెప్పాల్నా?"

"పాసైతే చెప్పుకోడానికి ఏటైనా ఉంటాది. ఫెయిలైతే ఏటి చెప్తారు?"

ఆయన మాస్కు సర్దుకున్నాడు. "ఫెయిలైతే హైదరాబాద్ పంపుత. మా అక్క ఇంట్ల ఉండి, హాస్టల్ కాలేజీల చదువుతది. మాట్లాడుకున్న. సీటు కూడా పట్టిపెట్టిన."

"పిల్లని అడిగారేటి?"

"చిన్నపిల్లను అడిగేదేముందమ్మా?" అని, లోపల్నుంచి ఎవరో బయటికి రాగానే బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు. చెడ్డవాడేం కాదు. భయపడ్డవాడు. మంచివాడు భయపడితే చెడ్డవాడికన్నా మొండిగా ఉంటాడు.

ఈస్టర్ సెలవులైన వెంటనే ప్రాక్టీసు మొదలైంది. పిల్లకు జోడీ ఇంకో ఆడపిల్ల, ఇక్కడిదే, తాటిచెట్టంత పొడుగు. దాని నోటికి అడ్డూ అదుపూ లేదు, అందుకే నాకు నచ్చింది. బళ్ళో అందరికీ పెట్టదగ్గ చవకైన భోజనం వాళ్ళ అంశం. ఎర్రపప్పు సూపుకు మన పోపు, దాని తరువాత పాలల్లో ఉడికించిన రవ్వ. ప్లాను రాసి ఇచ్చేశారు, టీచరు సంతకం అయిపోయింది. ఇక మార్చడానికి లేదు.

మొదటి ప్రాక్టీసు రోజున పిల్ల పాలగిన్నె ముందు నిలబడి ఉంది. పొడుగుపిల్ల ప్లేట్లు తేవడానికి వెళ్ళింది. నేను అవతల గది నుంచి వస్తున్నాను. గుమ్మంలోనే మాడు వాసన కొట్టింది, మాస్కులోంచి కూడా. పిల్ల గిన్నె మీదకు వంగి ఉంది. అడుగంటిన పాలకు ముక్కు జానెడు దూరంలో ఉంది. అయినా ప్రశాంతంగా తిప్పుతోంది.

గిన్నె లాగేసి పక్కన పెట్టాను. "ఏటే, నీకు వాసన రావట్లేదా?"

"నైన్, అల్లెస్ గూట్," అంది. అంతా బాగానే ఉందని.

ఒక వెల్లుల్లి రెబ్బ చితక్కొట్టి మాస్కు దగ్గర పెట్టాను. ఘాటుకు రెప్ప కూడా వెయ్యలేదు. కళ్ళు మాత్రం నిండాయి.

"జబ్బు చేసినప్పటి నుంచి ఏం స్మెల్ వస్తలేదు ఓమా," అంది. మొదటిసారి నాతో తెలుగులో మాట్లాడడం అదే. "టేస్టు కూడా లేదు. మమ్మీ ఏం పెట్టినా పేపర్ లెక్కనే ఉంది. బిట్టె, టీచర్‌కు చెప్పకండి. చెప్తే ఇప్పుడొద్దు అంటరు, వేరే టెర్మిన్ ఇస్తరు. ఆ డేటు టెన్త్‌ల ఎవర్ని తీసుకోవాల్నో డిసైడ్ చేసినంక ఉంటది. డాడీ టికెట్ బుక్ చేస్తడు."

జబ్బు తగ్గింది, టెస్టులో ఏమీ లేదు, ఎవరికీ అంటించదు. వాసన ఒక్కటే పోయింది. వంట పరీక్షకు మూడు వారాలు కూడా లేవు.

అప్పుడు నాకు నవ్వొచ్చింది. పిల్ల బిత్తరపోయి చూసింది. పిచ్చిదానా, అన్నాను, ఊళ్ళకు ఊళ్ళు వండిన మా అమ్మ ఒక్క చుక్క నోట్లో వేసుకునేది కాదే. నాలుక లేకుండా వండడం మా ఇంటి విద్య. ముక్కు కూడా లేదంటావా, సరే, కళ్ళున్నాయి, చెవులున్నాయి, చేతులున్నాయి. రా.

అలా మొదలుపెట్టాం. పొడుగుపిల్లకూ చెప్పాల్సి వచ్చింది. అది ఒక్క క్షణం ఆలోచించి, "సరే, నువ్వు వండు, నేను నాలుకను" అంది. టీచరుకు మాత్రం చెప్పలేదు.

ఆవాలు చిటపటమన్నంతసేపు ఊరుకో, చిటపటలు పలచబడుతున్నాయని చెవికి తెలియగానే జీలకర్ర వెయ్యి. వెల్లుల్లి తెల్లగా ఉంటే పచ్చి, గోధుమరంగు అంచు కనిపించిన మరుక్షణం దింపు. ఆ తరువాత కళ్ళతో చూసి లాభం లేదు, మాడిపోయినట్టే. పప్పు గరిటెతో ఎత్తి వదులు. నీళ్ళలా దూకితే ఉడకలేదు, ముద్దలా పడితే ఎక్కువైంది, తెగకుండా జారితే సరి. రవ్వ అడుగంటే ముందు చేతికి చెబుతుంది. గరిటె కింద ఎవరో పట్టుకుని లాగినట్టుంటుంది. చెప్పగానే మంట తగ్గించాలి. పిల్ల కళ్ళు మూసుకుని గరిటె తిప్పుతూ, "ఇప్పుడా? ఇప్పుడా?" అనేది. "నన్నడగకు, గరిటెనడుగు," అనేదాన్ని.

ఉప్పు దగ్గర చిక్కొచ్చింది. నా అరచేతిలో ఎంత పడుతుందో చూపించాను, గిన్నెకు ఇంత అని. తన చెయ్యి చిన్నది. నా చేతి ఉప్పు తన చేతిలో కుప్పగా పోసి చూసుకుంది. మర్నాడు ఇంటి నుంచి చిన్న త్రాసు తెచ్చి, "ఓమా, మీ చేతిల ఒకసారి తీసి దీంట్ల పొయ్యండి," అంది. పోశాను. అంకె చూసి ఊరుకుంది. త్రాసు మీద ఉప్పు తూచే వంటమనిషిని నేనెక్కడా చూడలేదు. పెద్దాయన మాత్రం తెగ మెచ్చుకున్నాడు. "ఈ పిల్లకు భవిష్యత్తుంది. నీకు లేదు," అన్నాడు నాతో. ఇంకో నెలలో ఆయన రిటైరవుతున్నాడు, ఆయన భవిష్యత్తు అది.

పరీక్ష రోజు పొద్దున్నే పిల్లలు తరగతిలో ముక్కుల్లో పుల్లలు పెట్టుకున్నారు. పొడుగుపిల్ల టెస్టు మీద రెండో గీత వచ్చింది. అక్కడికక్కడే సంచీ ఇచ్చి ఇంటికి పంపేశారు. మా పిల్ల ఇటీవలే జబ్బుపడి లేచింది కాబట్టి తనకు ఆంక్ష లేదు. వంటశాలకు ఒక్కతే వచ్చింది. పొడుగుపిల్ల పోతూ పోతూ గేటు అవతల నుంచి అరిచిందట, "నా నాలుకను నీ దగ్గర వదిలి పోలేకపోతున్నా, ఏమనుకోకు!" అని.

పరీక్ష పెట్టేవాళ్ళు ఇద్దరు. వంట నేర్పే టీచరమ్మ ఒకరు, లెక్కల సారు ఒకరు. టీచరమ్మ సౌమ్యురాలే కానీ రూలు దగ్గర రాయి. నా సంగతి తెలుసు కాబట్టి ముందే చెప్పింది. "నువ్వు యంత్రాల కోసమే ఉన్నావు. ఒక్క మాట మాట్లాడినా పరీక్ష రద్దు." తరువాత పిల్ల వైపు తిరిగింది.

"జోడీ లేదు. ఈరోజు ఒక్కదానివే చేయొచ్చు. లేదంటే ఇద్దరికీ కలిపి కొత్త టెర్మిన్ ఇస్తాం. తప్పేమీ లేదు, ఆలోచించుకో."

పిల్ల నా వైపు చూసింది. ఆగమని అరవాలనిపించింది. చెయ్యమని కూడా అరవాలనిపించింది. మాస్కు కింద పెదవి కొరుక్కుని గోడకున్న గడియారం వైపు తిరిగాను. ఆ నిర్ణయం దానిది. హైదరాబాద్ పోయేదీ అదే, పోనిదీ అదే.

"ఈరోజే చేస్తాను," అంది.

వంట మొదలైంది. నేను మూల నిలబడి ఆవాల చప్పుడు విన్నాను. చిటపటలు పలచబడ్డాయి, జీలకర్ర పడింది. సరిగ్గా పడింది. వెల్లుల్లి అంచు మారిన క్షణంలో దింపింది. గరిటెతో పప్పు ఎత్తి వెలుతురులో పట్టి వదిలింది, తెగకుండా జారింది. ఉప్పు దగ్గర ఆగింది. నా అరచేతి కొలత త్రాసులో పోసి, అంకె చూసి, అందులోంచి కొంత తీసి మళ్ళీ డబ్బాలో వేసేసింది. నాకు ఒళ్ళు మండింది. ఇన్ని రోజులు నేర్పితే కంగారులో చెయ్యి తప్పిందనుకున్నాను. చెప్పడానికి నోరు లేదు.

లెక్కల సారు అడిగాడు. "ఉప్పు అంతే ఎందుకు?"

"ఇన్ని లీటర్లకు ఇంత. బడి మొత్తానికి వండితే ఇంత," అని లెక్క నోటితోనే కట్టి చెప్పింది. తన పేపర్లో ఐదు తెచ్చుకున్న పిల్ల ఈ పిల్లేనా అన్నట్టు సారు కళ్ళద్దాల మీంచి చూశాడు.

రవ్వ కూడా అయింది. అడుగంటలేదు. ఇక వడ్డనే అనుకుంటుండగా టీచరమ్మ కాగితం మీద పెన్ను ఆపింది.

"నువ్వు రుచి చూడలేదు."

కాగితంలో దానికో గడి ఉంది. వడ్డించేముందు రుచి సరిచూసుకోవాలి. కరోనా రూలు ప్రకారం కిటికీ దగ్గరికి వెళ్ళి, మాస్కు దించి, చూడాలి. పిల్ల చెంచా తీసుకుంది. సూపు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. మాస్కు దించి నోట్లో పెట్టుకుంది. ఇంకేముంది, తలాడించి 'బాగుంది' అంటే చాలు. ఎవరికి తెలుస్తుంది? నా గుండె ఆ తలాడింపు కోసం చూస్తోంది.

పిల్ల మాస్కు పైకి లాక్కుని ఇటు తిరిగింది.

"నాకు రుచి తెలియదు. జబ్బు చేసినప్పటి నుంచి తెలియట్లేదు. వాసన కూడా తెలియదు. చూసి, విని, తూచి వండాను. రుచి చూడడం నా జోడీ పని. ఆమె లేదు. నేను చూసినట్టు నటిస్తే అది రుచి చూడడం అవ్వదు." చెంచాల గ్లాసు ముందుకు జరిపింది. "నా బదులు ఎవరైనా రుచి చూసి చెప్తారా? తక్కువైతే కలుపుతాను."

టీచరమ్మ నా వైపు తిరిగింది. "నీకు తెలుసా ఇది?"

"మాట్లాడొచ్చా?" అన్నాను.

"మాట్లాడు."

"తెలుసు. మీరు అడగలేదు, నేను చెప్పలేదు."

వాళ్ళిద్దరూ బయట వరండాలోకి వెళ్ళారు. తలుపు అద్దంలోంచి ఇద్దరి చేతులూ ఊగడం కనిపించింది. సారు ఎక్కువగా ఊపుతున్నాడు. పిల్ల స్టవ్ దగ్గర నిలబడి సూపు మీద మూత సరిచేసింది. "చల్లారిపోతదా ఓమా?" అని అడిగింది. నేను మాట్లాడలేదు. మాట్లాడకూడదు కదా. మూత మీద ఇంకో మూత పెట్టాను. రూలులో అది లేదు.

లోపలికి వచ్చి సారు చెంచా తీసుకున్నాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి రుచి చూశాడు. ఇంకో చెంచా తీసుకుని మళ్ళీ చూశాడు. "ఏమీ కలపక్కర్లేదు," అన్నాడు.

టీచరమ్మ చెప్పింది. "వంటశాలలో జలుబు చేసిన వంటమనిషి ఇంకొకరిని రుచి చూడమంటాడు. అది రుచి సరిచూసుకోవడమే. కానీ నాకు ముందే చెప్పాల్సింది. ప్లానులో ఆ మాట లేదు కాబట్టి ప్లానులో మార్కు తగ్గుతుంది." రాయి రాయే. అయినా గడిలో టిక్కు పెట్టింది.

ప్రాజెక్టులో రెండు వచ్చింది. దానితో పిల్ల గట్టెక్కింది, పదిలోకి ఎక్కింది. పొడుగుపిల్ల జబ్బు తగ్గాక వేరే రోజున పరీక్ష ఇచ్చి, తనూ పాసైంది. దాని పరీక్షకు ఎవరూ భయపడక్కర్లేదు, జబ్బు దాని నాలుక జోలికి పోలేదు.

సర్టిఫికెట్లు బడి మైదానంలో ఇచ్చారు. కుర్చీలు దూరం దూరంగా వేశారు. పిల్లకు ఇద్దరు చొప్పున రానిచ్చారు. తండ్రి కోటు వేసుకుని వచ్చాడు. మైదానంలోంచే వీడియోలో ఇండియాలో ఉన్న తన తల్లికి ఫోను చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

"అమ్మా, పాసైందే! ప్రాజెక్టుల రెండు వచ్చినయి."

"రెండేనారా?" అని ఫోనులోంచి ముసలమ్మ గొంతు. "నూటికా?"

"ఇక్కడ తక్కువస్తే ఎక్కువమ్మా!"

"ఇదేం దేశంరా నాయనా," అంది ఆవిడ.

ఆయన మారిపోయాడని రాయను. ఇంటివాళ్ళ గ్రూపులో 'ప్రాజెక్టులో సెకండ్ గ్రేడ్' అని పెట్టాడట. వంట అన్న మాట పెట్టలేదట. కానీ పట్టిపెట్టిన హాస్టలు సీటు వదిలేశాడు. నాకు అది చాలు. పిల్లకు అంతకన్నా చాలు.

ఆ శరత్కాలంలో భోజనాలు మళ్ళీ మొదలయ్యాయి. పెద్దాయన రిటైరయ్యాడు, నాకూ ఇంకో ఏడాదే మిగిలింది. ఒకరోజు ఎర్రపప్పు వడ్డిస్తున్నాను. పదో తరగతి పిల్లలు ట్రేలు పట్టుకుని వరుసలో వచ్చారు. మా పిల్ల ప్లేటు తీసుకుని, తన బల్ల దగ్గర కూర్చుని ఒక ముద్ద తిన్నది. ఆగింది. ఇంకో ముద్ద తిన్నది. ప్లేటు పట్టుకుని వడ్డించే కిటికీ దగ్గరికి తిరిగొచ్చింది. కళ్ళు మెరుస్తున్నాయి.

"అమ్మమ్మా," అంది. ఓమా అనలేదు. "ఉప్పెక్కువైంది."

నాకు రెండు మాటలూ ఒకేసారి తగిలాయి. "నీకు రుచి వచ్చిందా?"

"పోయినవారం వచ్చింది. ముందు కాఫీ. తర్వాత మమ్మీ చేసిన పచ్చిపులుసు. ఇయ్యాల మీ పప్పు." నవ్వు ఆపుకోలేకపోతోంది. "నిజంగ ఎక్కువుంది అమ్మమ్మా. మీరు ఉప్పు చూపిచ్చిన రోజే ఆ పొడుగుది టేస్టు చేసి చెప్పింది, 'మీ ఓమా సముద్రం పోస్తుంది' అని. అందుకే త్రాసు తెచ్చిన. మీ చెయ్యి తూచి, పావు వంతు తీసేసినం. మీకు బాధైతదని చెప్పలే."

వెనక వరుసలో ఉన్న పిల్లలను చూశాను. ఒక్కొక్కరి ట్రే మీద నీళ్ళ గ్లాసులు రెండేసి ఉన్నాయి. ఎప్పుడూ ఉండేవి. ఆకలిగల పిల్లలు, దాహం గల పిల్లలు అనుకునేదాన్ని. ఇన్నేళ్ళలో ఎంతమంది నా పప్పు తిని, 'లెక్కర్, ఓమా', అంటే భలే రుచి అని పొగిడి, పోయి రెండో గ్లాసు నింపుకున్నారో. ఇన్నేళ్ళలో నా మొహాన చెప్పిన మనిషి ఒక్కతే. ఆ ఒక్కతెకూ నేనే వంట నేర్పాను.

పెద్దాయన వదిలిపోయిన చెంచాల గ్లాసు అలాగే బల్ల మీద ఉంది. ఒక చెంచా తీశాను. వడ్డన ఇంకా సగం కూడా కాలేదు. మా అమ్మను తలుచుకున్నాను, ఏమీ అనుకోవద్దని. మాస్కు దించి రుచి చూశాను.

పిల్ల చెప్పింది నిజమే. ఉప్పెక్కువైంది.